గడ్డకట్టిన చెరువే మైదానం

మంచుగడ్డతో మన తెలుగువాళ్లకున్న పరిచయం అంతంతమాత్రమే. రంపపు పొట్టులో చుట్టి గోనెపట్టా కప్పి రిక్షాలో తెచ్చే ఐసు దిమ్మ, చేపల రేవులో బుట్టలమీద దంచి పోసే ఐసు ముక్కలు, బడిగంట కొట్టగానే గేటు దగ్గర ప్రత్యక్షమయ్యే పుల్లఐసు బండి... అక్కడికి సరి. లంబసింగిలో గడ్డిపరకల మీద తెల్లగా కాస్త మంచు పేరుకుందని తెలిస్తే చాలు, తెల్లవారుజామునే బండ్లు కట్టుకుని బయల్దేరతాం. 2004లో హైదరాబాదులో ఇందిరాపార్కు దగ్గర స్నోవరల్డ్ తెరిచినప్పుడు, మండువేసవిలో పిల్లలకు స్వెట్టర్లు తొడిగి తీసుకెళ్లిన అమ్మానాన్నలు ఎందరో. అలాంటి మనకు మంచుమీద ఆడే హాకీ అంటే, టీవీలో ఛానెళ్లు మారుస్తూ ఒక్క క్షణం ఆగి చూసే వింత. ఆటగాళ్లు జారుతున్నారని తెలుస్తుంది కానీ ఆ నల్లటి రబ్బరు బిళ్ల ఎటు పోయిందో కంటికి ఆనదు. గోలు పడిందన్న సంగతి వాళ్లు చేతులెత్తి ఒకరినొకరు కావలించుకున్నాకే అర్థమవుతుంది.

కెనడా, రష్యా, స్వీడన్‌లలో పిల్లలు నడక వచ్చిన కొత్తలోనే నేర్చుకునే ఆట అది. దాన్ని మనదేశంలోనూ ప్రాణంపెట్టి ఆడేవాళ్లున్నారు. లద్దాఖ్‌లో. ఏడాదికి రెండు నెలలు.

హాకీ సంప్రదాయం లేని దేశమా మనది అని ఎవరైనా నొచ్చుకోవచ్చు. ధ్యాన్‌చంద్ పుట్టిన గడ్డ ఇది, ఒలింపిక్స్‌లో ఎనిమిది స్వర్ణాలు తెచ్చిన ఆట అది. కానీ ఆ హాకీకీ ఈ హాకీకీ పేరులో తప్ప చుట్టరికం తక్కువ. ఇక్కడ కర్ర పొడుగు ఎక్కువ, బంతికి బదులు మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉండే బిళ్ల. దాని పేరు పక్. ఒక్కో జట్టు నుంచి మంచుమీద ఉండేది గోల్‌కీపరుతో కలిపి ఆరుగురే. నిమిషం తిరక్కుండానే వాళ్లు రొప్పుతూ బయటికి వస్తే, బెంచీమీదున్నవాళ్లు గోడదూకి లోపలికి వెళ్తారు. ఆట ఆగదు. అలా ఇరవై నిమిషాల చొప్పున మూడు విడతలు.

అయితే గడ్డి హాకీ చరిత్రలో ఒక సంగతి మాత్రం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ పచ్చిక పరిచారు. అప్పటిదాకా పతకం లేకుండా ఇంటికి రాని మన జట్టు ఏడో స్థానంతో తిరిగొచ్చింది. కర్రలు అవే, నైపుణ్యం అదే. కాళ్లకింద నేల మారిందంతే. ఆ పచ్చిక మనదేశంలో ఊరూరా పరవడానికి డబ్బూ లేదు, తొందరా లేదు. ఆట వచ్చినవాళ్లకు ఆడే చోటు లేకపోతే ఏమవుతుందో అర్ధశతాబ్దం కిందటే చూశాం. లద్దాఖ్ కథలోనూ అసలు చిక్కు అదే. కాకపోతే అక్కడ నేల బదులు నీళ్లు.

ఆంగ్లేయుల కాలంలో సిమ్లాలో 1920లోనే సహజమైన మంచుమీద స్కేటింగు రింకు వెలిసింది. దొరలూ దొరసానులూ సాయంత్రాలు అక్కడ జారుతూ కాలక్షేపం చేసేవారు. అది వాళ్లతోనే ఉండిపోయింది తప్ప జనంలోకి పాకలేదు. లద్దాఖ్‌లో మాత్రం ఈ ఆటకు నాంది పలికింది సైనికులు. 1970లలో సరిహద్దు కాపలాకు వెళ్లిన పటాలాలకు చలికాలమంటే గడవని కాలం. అటు శ్రీనగర్ దారిలో జోజిలా కనుమ, ఇటు మనాలీ దారి రెండూ మంచుతో మూసుకుపోయేవి. పొద్దు గడవాలి, ఒళ్లు వేడెక్కాలి. ఎదురుగా గడ్డకట్టిన చెరువు. సైనికులు దిగారు, ఊళ్లో కుర్రాళ్లు గట్టుమీద నిలబడి చూశారు, ఆనక వాళ్లూ దిగారు.

దిగడమైతే దిగారు కానీ కాళ్లకు ఏం కట్టుకోవాలి? సైన్యం వాడి పక్కనపెట్టిన బూట్ల అడుగున ఇనప బ్లేడ్లు బిగించుకున్నారు. గోల్‌కీపర్లు క్రికెట్ ప్యాడ్లు కట్టుకున్నారు. చేతికి దొరికిన కర్రే స్టిక్కు. ఇవన్నీ ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది కానీ, గంటకు వంద కిలోమీటర్లు దాటే వేగంతో ఎగిరొచ్చే గట్టి రబ్బరు బిళ్లకు క్రికెట్ ప్యాడ్లతో అడ్డంపడటం నవ్వులాట కాదు. 1985లో లద్దాఖ్ వింటర్ స్పోర్ట్స్ క్లబ్బు ఏర్పడ్డాక పోటీలకు ఒక పద్ధతి వచ్చింది. 1989లో మనదేశం అంతర్జాతీయ ఐస్‌హాకీ సమాఖ్యలో సభ్యత్వం కూడా తీసుకుంది. సభ్యత్వం వచ్చింది కానీ రింకు రాలేదు. మన పురుషుల జట్టు తొలిసారి విదేశంలో అంతర్జాతీయ టోర్నీ ఆడింది 2009లో, అబుదాబిలో. మంచుకొండల్లోంచి వెళ్లినవాళ్లు ఎడారి నగరంలో ఐసుమీద ఆడారు. ఇరవయ్యేళ్లు పట్టింది ఆ ప్రయాణానికి.

నీళ్లు పోసే రాత్రులు

లేహ్ పట్నం సముద్రమట్టానికి దాదాపు మూడున్నర వేల మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ గాలిలో దొరికే ప్రాణవాయువు మన కాకినాడలోనో మచిలీపట్నంలోనో దొరికేదాంట్లో మూడింట రెండు వంతులే. విమానం దిగినవాళ్లను మొదటి రోజు మెట్లు కూడా ఎక్కొద్దని డాక్టర్లు చెబుతారు. ఆ గాలిలో వీళ్లు హాకీ ఆడతారు. డిసెంబరు సగానికి వచ్చేసరికి రాత్రి చలి మైనస్ పదికీ, జనవరిలో మైనస్ ఇరవైకీ జారిపోతుంది. కర్జూ చెరువు గట్టిపడుతుంది.

చెరువు గడ్డకట్టినంత మాత్రాన రింకు కాదు. సహజంగా గట్టిపడిన మంచులో బుడగలుంటాయి, పగుళ్లుంటాయి, గాలికి రేగిన అలలు అలాగే గడ్డకట్టి గీతలు తేలతాయి. దాన్ని అద్దంలా చేయాలంటే రాత్రుళ్లు నీళ్లు పోయాలి. ఊరు బుఖారీల పక్కన ముడుచుకుని పడుకున్నాక, నలుగురైదుగురు కుర్రాళ్లు గొట్టాలతో, బకెట్లతో చెరువు దగ్గరికి వస్తారు. పలచగా ఒక పొర పోసి, అది బిగిసేదాకా ఆగి, మళ్లీ ఇంకో పొర. ఒక్కసారే ఎక్కువ పోస్తే పైన గట్టిపడి లోపల నీళ్లు మిగిలిపోతాయి, పొద్దున్న స్కేటు దిగగానే పెళ్లున విరుగుతుంది. ఆ చలిలో గొట్టంలో నీళ్లే గడ్డకట్టుకుపోతుంటాయి. మన పల్లెల్లో వరి మడికి రాత్రి కరెంటు వచ్చినప్పుడు నీళ్లు పెట్టడానికి టార్చిలైటు పట్టుకుని వెళ్లే రైతుకు ఈ పని గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

పొద్దున చీపుళ్లతో ఊడ్చే పని ఆటగాళ్లదే. అదేదో శుభ్రతకోసం అనుకునేరు. గాలికి కొట్టుకొచ్చిన మట్టి మంచుమీద పడితే, నల్లటి ఆ మట్టిచుక్క ఎండను పీల్చుకుని తన చుట్టూ ఉన్న మంచును కరిగిస్తుంది. గుంట పడుతుంది. ఆ గుంటలో బ్లేడు ఇరుక్కుంటే చీలమండ విరిగినట్టే. అందుకే రేణువు కూడా మిగలకుండా ఊడుస్తారు. మధ్యాహ్నం ఎండకు పైపొర మెత్తబడుతుంది కాబట్టి ఆట పొద్దున్నే ఉండాలి, లేదా పొద్దువాలాక ఉండాలి. అంటే ఉన్న రెండు నెలల్లోనూ రోజుకు దక్కేది కొన్ని గంటలే. ఆ గంటల కోసం బడిపిల్లలు, కాలేజీ కుర్రాళ్లు, సైన్యం జట్టు, ఐటీబీపీ జట్టు, పెద్దవాళ్లు, చిన్నవాళ్లు అందరూ కాచుక్కూచుంటారు. మరి ఆడపిల్లలు?

వాళ్ల వంతు అందరికీ అయ్యాక. చాలాకాలం అంతే నడిచింది. అన్నదమ్ములు ఆడి విప్పేసిన స్కేట్లలో రెండు జతల మేజోళ్లు వేసుకుని కాళ్లు దూర్చేవారు. కొలత సరిపోకపోతే ముందు భాగంలో గుడ్డ కుక్కేవారు. ఆడపిల్లలకు ఈ దెబ్బలాట ఎందుకన్న మాట మన దగ్గర వినపడినట్టే అక్కడా వినపడింది. బౌద్ధుల ఇళ్లలోనూ వినపడింది, కార్గిల్ వైపు ముస్లింల ఇళ్లలోనూ వినపడింది. ఈ విషయంలో మతాలన్నీ ఒక్కటే.

అయినా ఆడారు. సామాను ఖరీదు తలుచుకుంటే ఆ పట్టుదల ఎంతటిదో తెలుస్తుంది. మంచి స్కేట్ల జత ఒక్కటే పదుల వేల రూపాయలు. హెల్మెట్టు, భుజాలకు, మోచేతులకు, మోకాళ్లకు కవచాలు, చేతితొడుగులు, విరిగినప్పుడల్లా కొత్త స్టిక్కు. ఇవి కాక బ్లేడ్లకు తరచూ సానపట్టాలి. మన వీధుల్లో కత్తులకు సానపట్టే చక్రం దీనికి పనికిరాదు, బ్లేడు అడుగున సన్నటి గాడి పడేలా తిప్పే యంత్రం వేరే కావాలి. ఢిల్లీలోని కెనడా హైకమిషన్ సిబ్బంది లేహ్ వచ్చి సరదాగా ఆడి వెళ్లేవారు. అలా వచ్చిన విదేశీయులు వదిలివెళ్లిన సామాను, పెట్టెల్లో పంపిన పాత సామాను ఏళ్లతరబడి చేతులు మారుతూ ఆడింది.

2016లో తొలిసారి మహిళల జాతీయ జట్టు తైపీలో జరిగే ఆసియా ఛాలెంజ్ కప్‌కు బయల్దేరింది. ప్రయాణ ఖర్చులకు డబ్బు లేదు. జనాన్ని చందాలడిగారు, జనమూ ఇచ్చారు. తీరా వెళ్లి చూస్తే అక్కడి ఐసు వేరు. ఇంట్లో నున్నటి గచ్చులా ఉంది. చుట్టూ నిలువెత్తు గోడలు, పక్ ఆ గోడలకు తగిలి బాణంలా వెనక్కొస్తుంది. బల్లలూ చెక్కలూ ఆనించిన చెరువుమీద ఆడినవాళ్లకు గోడను వాడుకుని పాస్ ఇవ్వడం ఎలా తెలుస్తుంది? ఆడిన మ్యాచులన్నీ ఓడారు.

ఈ ఆటలో ఒక ఆచారముంది. అంతర్జాతీయ టోర్నీల్లో ప్రతి మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ వరసలో నిలబడాలి, గెలిచినవాళ్ల జాతీయగీతం వినిపిస్తారు. ఓడినవాళ్లు కదలకుండా విని వెళ్లాలి. తైపీలో మన అమ్మాయిలు ప్రతిసారీ ఎవరిదో గీతం విని వచ్చారు. మరుసటేడు, 2017 మార్చిలో, బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ను 4-3తో ఓడించారు. ఆరోజు వినిపించింది జనగణమన. ఇరవైమంది అమ్మాయిలు హెల్మెట్లు తీసి నిలబడి ఏడ్చారు. క్రికెట్ కప్పులకు టపాసులు కాల్చే దేశంలో ఆ వార్త చాలామందికి చేరనే లేదు.

కెనడా మహిళల హాకీలో హేలీ వికెన్‌హైజర్ అంటే మన సచిన్ లాంటి పేరు. నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు. 2018 జనవరిలో ఆమె సామాను పెట్టెలతో లద్దాఖ్ వచ్చి చెరువుమీద దిగి పిల్లలకు ఆట చూపించింది. అదే ఏడాది నవంబరులో మన జట్టును కాల్గరీలో తన పేరిట జరిగే పండగకు పిలిపించుకుంది. 2025లో అల్ ఐన్‌లో జరిగిన మహిళల ఆసియా కప్‌లో మనవాళ్లు కాంస్యం గెలిచారు. మొదటి టోర్నీలో అన్నీ ఓడిన జట్టు తొమ్మిదేళ్లకు పతకం మెడలో వేసుకుంది.

గోల్‌కీపరు నూర్‌జహాన్ గురించి ఒక్కమాట. ఆమె వృత్తి పాత చిత్రాలను, గోడబొమ్మలను బాగుచేయడం. వందల ఏళ్లనాటి గొంపాల్లో పొరలు లేచిపోతున్న రంగులను సన్నటి కుంచెతో అతికించే పని. ఆ చేతులే చలికాలంలో లావుపాటి తొడుగుల్లో దూరి పక్‌కు అడ్డంపడతాయి. ఒకటి నెలల తరబడి ఓపిక పట్టాల్సిన పని, ఇంకొకటి రెప్పపాటులో తేలిపోయేది.

మంచు పడని దేశం ముందుకెళ్లింది

అదే ఫిలిప్పీన్స్ సంగతి చూడండి. కొబ్బరిచెట్ల దేశం. మన కోనసీమను సముద్రంలో ముక్కలుగా విసిరేసినట్టుంటుంది. అక్కడ మంచు పడటమన్న మాటే లేదు. కానీ మనీలా షాపింగ్ మాళ్లలో ఐసు రింకులున్నాయి. అమ్మలు చీరలో చెప్పులో కొంటుంటే పిల్లలు కింది అంతస్తులో ఏడాది పొడవునా స్కేటింగు చేస్తారు అంటే అతిశయోక్తి కాదు - చీరలు కాదులెండి, గౌన్లు. ఆ దేశం అంతర్జాతీయ సమాఖ్యలో చేరింది 2016లో, మనకంటే ఇరవయ్యేడేళ్ల తర్వాత. మరుసటేడే ఆగ్నేయాసియా క్రీడల్లో పురుషుల ఐస్‌హాకీ స్వర్ణం గెలిచింది. చలి మనకుంది, ఐసు వాళ్లకుంది.

మనకూ ఒక రింకు కట్టుకున్న ముచ్చట ఉంది. 2011 జనవరిలో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం డెహ్రాడూన్‌లో పెద్ద ఇండోర్ రింకు కట్టారు. 2012లో అక్కడ ఆసియా ఛాలెంజ్ కప్ మ్యాచులు కూడా జరిగాయి. తర్వాత మూతపడింది. కారణం అర్థంకానిదేం కాదు. కృత్రిమ రింకు అంటే ఒకరకంగా ఊరంత ఫ్రిజ్జు. గచ్చు కింద గొట్టాల్లో గడ్డకట్టని చల్లటి ద్రవం రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉండాలి. పైన ఐసు మందం మూడు నాలుగు సెంటీమీటర్లే కానీ దాన్ని నిలబెట్టడానికయ్యే కరెంటు బిల్లు మాత్రం లావు. స్విచ్ ఆపితే మైదానమే నీరైపోతుంది. కట్టేటప్పుడు రిబ్బను కత్తిరించడానికి అందరూ వస్తారు, నెలనెలా బిల్లు కట్టడానికి ఎవరూ రారు. ఆ బిల్లెవరు కట్టాలో తేలక పిల్లల ఒక తరం బాల్యం గడిచిపోయింది. ఎట్టకేలకు బాగుచేసి, 2025 ఆగస్టులో అక్కడే ఆసియా షార్ట్‌ట్రాక్ స్పీడ్ స్కేటింగు పోటీలు నిర్వహించారు.

మంచులేని మన రాష్ట్రాల పిల్లలు ఈ ఆటల్లోకి వచ్చేది చక్రాల దారిన. విశాఖలో, హైదరాబాదులో సిమెంటు రింకుల్లో సాయంత్రాలు చక్రాల స్కేట్లతో గిరగిరా తిరిగే పిల్లలను చూస్తూనే ఉంటాం. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో చక్రాల స్కేటింగులో మనదేశానికి పతకాలు తెచ్చిన అనూప్‌కుమార్ యామా హైదరాబాదు కుర్రాడే. చక్రాలమీద నిలదొక్కుకున్నవాడికి బ్లేడుమీద నిలవడం కొన్నాళ్ల సాధన. కాకపోతే ఆగడం కొత్తగా నేర్చుకోవాలి, చక్రాలు ఆగే పద్ధతి ఐసుమీద పనికిరాదు. ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు 2020లో మొదలయ్యాక ఇలాంటి పిల్లలకు లేహ్ దాకా దారి దొరికింది. 2025లో లేహ్‌లో జరిగిన పోటీల్లో తెలంగాణ తరఫున బరిలోకి దిగిన నయనశ్రీ తాళ్లూరి ఐసు స్కేటింగులో స్వర్ణం గెలిచింది. మండుటెండల రాష్ట్రం నుంచి వచ్చిన అమ్మాయి మంచుమీద పతకం కొట్టిందని అక్కడివాళ్లు ఆశ్చర్యపోయి ఉంటారు.

అక్కడివాళ్లకు అంతకంటే పెద్ద బెంగ ఇంకొకటుంది. చలి తగ్గుతోంది. చెరువు గట్టిపడే రోజు వెనక్కి, కరిగే రోజు ముందుకు జరుగుతున్నాయని పాతతరం ఆటగాళ్లు అంటారు. వందేళ్ల సిమ్లా రింకులోనూ స్కేటింగు జరిగే రోజులు మునుపటికన్నా బాగా తగ్గిపోయాయి. రెండు నెలల ఆటలో పదిరోజులు పోతే పోయేది పదిరోజులు కాదు, ఆ పిల్లల ఏడాదిలో ఆరోవంతు సాధన. మళ్లీ ఆ రోజులు కావాలంటే డిసెంబరు దాకా ఆగాలి. అప్పటికి ఒక ఏడాది పెద్దవాళ్లయి ఉంటారు. పన్నెండేళ్లప్పుడు కాళ్లకు రావాల్సిన ఒడుపు పదిహేనేళ్లకు వస్తుంది.

ఫిబ్రవరి మొదటివారంలోనే తేడా తెలుస్తుంది. ముందు మధ్యాహ్నపు ఆట ఆగిపోతుంది. తర్వాత సాయంత్రపు ఆట. పొద్దున ఏడింటికి ఆడితే తొమ్మిదింటికల్లా అంచుల్లో నీళ్లు ఊరుతుంటాయి. ఒకరోజు చెరువు మధ్యలో టపుక్కుమని చప్పుడవుతుంది, పెద్దవాళ్లు కేకేసి పిల్లలను గట్టెక్కిస్తారు. ఆ సాయంత్రం బ్లేడ్లకు తడి తుడిచి, తుప్పుపట్టకుండా నూనె రాసి, పాతగుడ్డలో చుట్టి గోతాంలో వేసి అటకెక్కిస్తారు. మరో రెండు నెలల్లో బార్లీ విత్తనాలు చల్లే పని మొదలవుతుంది.